బార్సిలోనా వెళ్లే ముందు

చి. శ్రావణికి,

అమ్మ దీవెనలు. ఫెస్పా ప్రింటింగ్ ప్రదర్శనలో గుమ్మం దగ్గరి నుంచే పెద్ద డిజిటల్ మెషిన్లు లాగేస్తాయి. వాటిని చివరి రోజు చూద్దువుగాని, ముందు మనం తెప్పించుకోవలసిన స్క్రీన్ ప్రింటింగ్ సరుకు స్టాళ్లకి వెళ్లు.

మెష్, అంటే ఇంకు దిగే జల్లెడ గుడ్డ, దాని అంకె దగ్గర జాగ్రత్త. అక్కడ 120.34 అంటే సెంటీమీటరుకి 120 పోగులు, పోగు మందం 34 మైక్రాన్లు. శుభలేఖల ప్రెస్సులవాళ్లు అంగుళం లెక్కలో 300 అడిగేది ఇంచుమించు ఇదే. బట్టల ప్రింటర్లు అడిగే 120 మాత్రం అంగుళానికి, అంటే సెంటీమీటరుకి 47. ఉత్త ‘120’ అని ఆర్డరు రాస్తే సన్న మెష్ వచ్చి పడుతుంది, వాళ్ల ముద్ద ఇంకు అందులోంచి దిగదు. ప్రతి వరుసలో ‘సెంటీమీటరుకి’ అని రాయించు. ఇన్‌వాయిస్‌లో మామూలు గుడ్డ అని రాయనివ్వకు. బోల్టింగ్ క్లాత్ (జల్లెడ గుడ్డ), కస్టమ్స్ కోడ్ 5911 20 అని ఉండాలి.

ఎమల్షన్, అంటే మెష్ మీద పూసి వెలుతురుతో బొమ్మ దించే పూత, దాని విషయంలో తొందరపడకు తల్లీ. అది నీళ్లతో చేసిన సరుకు, గడ్డకడితే పాడవుతుంది, కంటైనర్ వేడెక్కినా పాడవుతుంది. జనవరిలో అక్కడ ఎక్కించకూడదు, మేలో చెన్నై రేవులో దించకూడదు. సెప్టెంబరులో ఎక్కించమను. డబ్బా మీద తయారీ తేదీ చూడు, ఎంత వేడి వరకు నిలవుంటుందో అడుగు. వెలుతురుకి గట్టిపడేలా చేసే డయాజో మందు కలిపాక ఎమల్షన్ కొన్ని వారాలే పనిచేస్తుంది, మన ఎండల్లో ఇంకా తక్కువ. ఏమీ కలపక్కర్లేని ఫోటోపాలిమర్ రకం ఎక్కువకాలం నిలుస్తుంది గానీ వెలుతురు తగిలిన క్షణాల్లో ఎక్స్‌పోజ్ అయిపోతుంది, అంటే గట్టిపడిపోతుంది. టైమర్ లేని ట్యూబులైట్ పెట్టెల మీద కొన్ని సెకన్లు ఎక్కువైతే సన్నగీతలు మూసుకుపోతాయి. చిన్న ప్రెస్సులకి ఈ రెండూ కలిసిన డ్యూయల్ క్యూర్ రకమే మంచిది.

స్క్వీజీ (మెష్ మీద ఇంకు లాగే పట్టీ) రబ్బరు 65, 75 షోర్‌లలో (గట్టిదనం అంకె) జానెడు ముక్కలు అడుగు. ఇక్కడ మన థిన్నర్‌లో ఒక రోజు ముంచి, ముందూ తర్వాతా మందం కొలుద్దాం. ఉబ్బిన అంచు సన్నక్షరాలని అలికేస్తుంది.

ధర చెప్పగానే అది ఎక్స్ వర్క్స్ ధరా, ఎఫ్ఓబీనా (ఓడ ఎక్కించేదాకా ఖర్చు వాళ్లది) అడుగు. ఎక్స్ వర్క్స్ అయితే ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి నుంచి లారీ, రేవు ఖర్చులన్నీ మనవే. రసాయనాలన్నిటికీ సేఫ్టీ డేటా షీట్ తీసుకో, అది లేకుండా సరుకు బుక్ కాదు.

థిన్నర్, సాల్వెంట్ ఇంకు శాంపిళ్లు ఎవరిచ్చినా పెట్టెలో పెట్టుకోకు, అవి మండే సరుకు, విమానంలో ఎక్కనివ్వరు. మెష్ ముక్కలు మడవకుండా చుట్టి తే. రబ్బరు ముక్కల మీద కంపెనీ పేరు, షోర్ స్టాల్ దగ్గరే పెన్నుతో రాసెయ్యి, ఇంటికొచ్చాక అన్నీ ఒకేలా కనబడతాయి.

అమ్మ