జూనియర్ కుర్రాడు ఎవరికి చెప్పుకోవాలి? వి.వి.ఎస్. లక్ష్మణ్ గారికి బహిరంగ లేఖ

శ్రీ వి.వి.ఎస్. లక్ష్మణ్ గారికి,
అధిపతి, బీసీసీఐ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్, బెంగళూరు.

నమస్కారమండీ.

నేను మారతహళ్లిలో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. మాది అనంతపురం. పగలంతా మెడనొప్పి, నడుంనొప్పి అంటూ వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్లతో సరిపోతుంది. సాయంత్రమైతే క్రికెట్ ఆడే పిల్లలు వస్తారు. హిందూపురం, మదనపల్లె, కడప వైపు నుంచి వచ్చి, పీజీల్లో ఉంటూ ఇక్కడి క్లబ్బుల్లో ఆడేవాళ్లే ఎక్కువ. నొప్పి సంగతి తెలుగులో చెప్పుకోవచ్చని నా దగ్గరికి వస్తారు. టేబుల్ మీద బోర్లా పడుకుంటే ఎదుటి మనిషి మొహం కనబడదు. అప్పుడు నోరు విప్పుతారు. భుజం దగ్గర మొదలైన మాట డ్రెస్సింగ్ రూమ్ దగ్గర తేలుతుంది. జట్లలో సీనియర్లు జూనియర్లను వేధించడం గురించి అలా విన్న మాటలే నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

ఒక్క కుర్రాడి సంగతి చెబుతాను. ఆఫ్ స్పిన్నర్. కుడి చెయ్యి పైకి లేవడం లేదని వచ్చాడు. స్పిన్ వేసేవాడికి ఆ వయసులో భుజం అంతలా పాడవడం నాకు అర్థం కాలేదు. రోజూ ఎన్ని ఓవర్లు వేస్తున్నావని అడిగితే, 'నాకు బౌలింగ్ ఎక్కడిస్తారు సార్' అన్నాడు. నెట్స్‌లో అతని పని సీనియర్లకు త్రోడౌన్లు వేయడం, అంటే వాళ్ల బ్యాటింగ్ ప్రాక్టీస్ కోసం బంతులు చేత్తో విసరడం. ఒకరయ్యాక ఒకరు, వాళ్లకు చాలనిపించేదాకా. ఆ తర్వాత బంతులు ఏరాలి, వాళ్ల కిట్ బ్యాగులు కార్లదాకా మోయాలి. తన వంతు వచ్చేసరికి బంతి కనబడనంత చీకటి పడుతుంది. ఒకరోజు చెయ్యి నొప్పిగా ఉంది, ఇవాళ వేయలేనన్నాడు. ఆ రాత్రే టీమ్ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ప్రాక్టీస్ టైమ్ మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఆలస్యంగా వెళ్లి, క్రమశిక్షణ లేదని కోచ్ చేత అందరి ముందూ తిట్లు తిన్నాడు.

రిపోర్టు రాసేటప్పుడు బతిమాలాడు: 'త్రోడౌన్ల వల్ల అని రాయకండి సార్. బౌలింగ్ ఎక్కువైందని రాయండి.' నేను ఉన్నదున్నట్టే రాశాను. ఆ కాగితం అతను క్లబ్బులో ఇవ్వలేదు. ఇస్తే వచ్చే మ్యాచ్‌కి తన పేరు ఉండదని అతనికి తెలుసు.

సీనియర్ గట్టిగా మాట్లాడితే చాలు, అది వేధింపే అనే మనిషిని కాదు నేను. జూనియర్ డ్రింక్స్ మోస్తాడు, షార్ట్ లెగ్‌లో నిలబడతాడు, క్యాచ్ వదిలితే మాట పడతాడు. ఆట అలాగే నేర్పుతుంది. 2010 అక్టోబర్‌లో మొహాలీలో ఆస్ట్రేలియా మీద 216 ఛేజ్ చేస్తున్నప్పుడు, నడుం పట్టేసి రన్నర్‌తో ఆడుతున్న మీరు అవతలి ఎండ్‌లో ఉన్న ప్రజ్ఞాన్ ఓఝా మీద బ్యాటెత్తి అరిచారు. మిమ్మల్ని అంత కోపంగా దేశం ఎన్నడూ చూడలేదు. ఆ కోపం ఒక పరుగు కోసం వచ్చింది, ఆ మ్యాచ్‌తో పోయింది. ఓఝా ఆ రాత్రి భోజనం దగ్గర ఒంటరిగా కూర్చోవాల్సిన పని పడలేదని ఆ జట్టును చూసిన ఎవరైనా నమ్ముతారు. నేను చెప్పేది వేరే రకం. అది ఆటతో సంబంధం లేకుండా నడుస్తుంది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి, ఎవరితో మాట్లాడకూడదు, ఎవరి ఊరిని, భాషను, రంగును చూసి నవ్వాలి అన్నది ముగ్గురు నలుగురు కలిసి తేలుస్తారు. మిగతావాళ్లు తమ చోటు కాపాడుకోవడానికి తలూపుతారు.

దక్షిణాఫ్రికా నల్లజాతి ఫాస్ట్ బౌలర్ మఖాయా ఎన్తిని సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. 101 టెస్టులు, 390 వికెట్లు. అంతటివాడు 2020లో టీవీలో ఏం చెప్పాడు? భోజనానికి వెళ్దాం రమ్మని తన గది తలుపు తట్టినవాడు లేడన్నాడు. బస్సులో తను వెనక కూర్చుంటే మిగతావాళ్లు ముందుకెళ్లి కూర్చునేవారట. అందుకని బ్యాగు డ్రైవర్‌కిచ్చి హోటల్ నుంచి గ్రౌండ్ దాకా పరుగెత్తుకుంటూ వెళ్లేవాడు. చూసేవాళ్లు ఫిట్‌నెస్ కోసమనుకున్నారు. ఇది చదివినప్పటినుంచి ఎవరైనా కుర్రాడు టీమ్ బస్సులో వెళ్లనని, బైక్ మీద విడిగా వెళ్తానని అంటే నేను కారణం అడుగుతున్నాను.

మన దగ్గరికే వద్దాం. 2013లో ఇదే బెంగళూరులో మ్యాచ్ అయ్యాక, బాగా తాగి ఉన్న తోటి ఆటగాడు ఒకడు తనను హోటల్ పదిహేనో అంతస్తు బాల్కనీ నుంచి బయటికి వేలాడదీశాడని యజువేంద్ర చాహల్ చెప్పాడు. 2011లో చెన్నైలో ఇద్దరు పెద్ద ఆటగాళ్లు కాళ్లూ చేతులూ కట్టేసి, నోటికి టేపు వేసి, గదిలో అలాగే వదిలేశారని కూడా చెప్పాడు. ఈ రెండూ బయటికొచ్చింది 2022లో. బాల్కనీ మాట బయటపెట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అప్పటికి అతను దేశానికి ఆడి, ఐపీఎల్‌లో పెద్ద బౌలరయ్యాడు. అయినా ఆ మనిషి పేరు మాత్రం చెప్పలేదు. చాహల్ అంతటివాడికే ఇన్నేళ్లు పడితే నా టేబుల్ మీద పడుకున్న కుర్రాడు ఎప్పటికి చెబుతాడండీ?

ఇంకో మాట చెప్పాలి, మీకు ఇబ్బందిగా ఉన్నా. 2020లో వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ తాను ఐపీఎల్‌లో హైదరాబాద్ సన్‌రైజర్స్‌కి ఆడిన రోజుల్లో తోటివాళ్లు రంగును బట్టి పెట్టిన పేరుతో తనను పిలిచేవారని, దాని అర్థం తెలిశాక కోపమొచ్చిందని రాశాడు. ఒక ఆటగాడు ఫోన్ చేసి, అది ప్రేమతో పిలిచిందేనని చెప్పాడని తర్వాత తనే వివరించాడు. ఆ జట్టుకు అప్పుడు మీరు మెంటార్. మిమ్మల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మీ సంస్కారం గురించి హైదరాబాద్‌లో, బెంగళూరులో రెండో మాట వినలేదు. మీలాంటి పెద్దమనిషి ఉన్న జట్టులో కూడా ఇలాంటిది ముద్దుపేరుగా చెల్లిపోయిందంటే, మంచి మనుషులుంటే చాలు, ఏర్పాట్లు అక్కర్లేదనే మాట నిలవదని చెప్పడానికే ఇది ఎత్తాను.

మన తెలుగువాళ్లకు ఈ జబ్బు కొత్త కూడా కాదు. 1936 ఇంగ్లండ్ టూర్‌కి కెప్టెన్ మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ. జట్టులో తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు ఉన్నాడు. విజ్జీ చుట్టూ ఒక వర్గం, నాయుడు వైపు ఒక వర్గం. టిఫిన్ బల్ల దగ్గర నాయుడును అవమానించినందుకే బకా జిలానీకి ఓవల్‌లో టెస్ట్ క్యాప్ దక్కిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ లేదంటూ మొదటి టెస్టుకు ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. కానీ ఆ రోజుల్లోనే బొంబాయి హైకోర్టు చీఫ్ జస్టిస్ బోమంట్ ఆధ్వర్యంలో కమిటీ వేశారు. 1937 జనవరిలో ఆ కమిటీ విజ్జీ కెప్టెన్సీని తప్పుపట్టింది. స్వాతంత్ర్యానికి పదేళ్ల ముందు, ఒక రాజకుమారుడి మీద, బయటి మనిషి చేత విచారణ జరిపించగలిగారు.

మరి 2024లో? హనుమ విహారి ఆంధ్ర జట్టు కెప్టెన్సీ ఎందుకు వదలాల్సి వచ్చిందో ఇన్‌స్టాగ్రామ్‌లో రాసుకోవాల్సి వచ్చింది. జట్టులో పదిహేడో ఆటగాడి మీద అరిచానని, ఆ కుర్రాడి తండ్రి రాజకీయ నాయకుడని, అందుకే తనను తప్పించారని ఆయన మాట. బూతులు తిట్టడం, వ్యక్తిగతంగా దాడి చేయడం ఎక్కడా సరికాదని ఆ కుర్రాడూ సోషల్ మీడియాలోనే జవాబిచ్చాడు. రెండు రోజుల్లో పార్టీల నాయకులు దిగారు. ఆ గొడవలో ఎవరిది న్యాయమో తీర్పు చెప్పడం నా పని కాదు. ఇద్దరికీ జరిగిన అన్యాయం ఒకటుంది. కెప్టెన్ హద్దు మీరాడా, అసోసియేషన్ పలుకుబడికి లొంగిందా అన్న రెండు ప్రశ్నలనూ, జట్టుతో సంబంధం లేని మనిషి మొదటి రోజే కూర్చుని విని ఉండాల్సింది. అలాంటి మనిషి లేకపోతే సీనియర్‌కి ఫాలోయర్లు దిక్కు, జూనియర్‌కి ఇంటిపేరు దిక్కు. రెండూ లేనివాడు నోరు మూసుకుంటాడు.

మా వైపు ఇంజినీరింగ్‌లో చేరే ప్రతి పిల్లాడూ ర్యాగింగ్ చేయనని సంతకం పెడతాడు, తల్లిదండ్రులూ పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే దానికి చట్టముంది. యూజీసీ 2009లో దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని హాస్టల్లో సీనియర్ గోడకుర్చీ వేయిస్తే పోలీసు కేసవుతుంది. అదే వయసు కుర్రాణ్ని డ్రెస్సింగ్ రూమ్‌లో వేయిస్తే దాన్ని టీమ్ బాండింగ్ అంటున్నారు. కాలేజీలో చేరేవాడికన్నా చిన్నవాళ్లు ఇప్పుడు క్రికెట్లోకి వస్తున్నారు. వైభవ్ సూర్యవంశీ 2025 ఏప్రిల్‌లో ఐపీఎల్ ఆడేనాటికి వయసు 14. ఆ అబ్బాయికి అంతా మంచే జరిగి ఉండొచ్చు, జరగాలి కూడా. కానీ అతన్ని చూసి ఇప్పుడు పదమూడేళ్లకే పిల్లల్ని పెద్దవాళ్ల జట్లలోకి పంపే తండ్రులను నేను క్లినిక్‌లోనే చూస్తున్నాను.

2025 జనవరిలో బోర్డు పది నిబంధనలు తెచ్చింది. నెల దాటిన టూర్‌కు ఆటగాడి సామాను 150 కిలోలు మించకూడదని కూడా అందులో రాశారు. తోటి ఆటగాడు వేధిస్తే ఎవరికి చెప్పాలన్నది ఆ పదింటిలో లేదు. ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ ఉందంటే అది రిటైరైనవాళ్లకు. ఆడుతున్నవాడికి సంఘం లేదు. ఇంగ్లండ్‌లో అజీమ్ రఫీక్ అనే ఆటగాడు జాతి పేరుతో తనను వేధించారని ఫిర్యాదు చేస్తే, అతని క్లబ్బు యార్క్‌షైర్ మొదట అదంతా స్నేహంగా ఆడుకున్న మాటలేనని కొట్టిపారేయబోయింది. అతను 2021లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని చెప్పాడు. చివరికి 2023లో ఆ క్లబ్బుకు 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది, ఛాంపియన్‌షిప్‌లో 48 పాయింట్లు పోయాయి. పాయింట్లు పోతాయంటే ఏ క్లబ్బయినా వింటుంది.

రాష్ట్ర సంఘాలనూ, ఫ్రాంచైజీలనూ మీరు ఒక్కరే మార్చలేరని తెలుసు. కానీ ఎయిర్‌పోర్టు దారిలో మీ ఆధ్వర్యంలో ఉన్న ఆ క్యాంపస్‌కి దేశం నలుమూలల నుంచి అండర్ 19 పిల్లలు క్యాంపులకు వస్తారు. అక్కడ మొదలుపెట్టండి. కోచ్ కాని, సెలెక్టర్ కాని, ఏ జట్టుతోనూ పని లేని ఒక మనిషిని పెట్టండి. పిల్లాడు చెప్పింది సెలెక్షన్ మీటింగ్ దాకా పోదని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. హిందీ, ఇంగ్లిష్ రాని పిల్లాడు కూడా చెప్పుకోగలగాలి. నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందికి అసలు అడ్డు అదే. క్యాంపులో అడుగుపెట్టే రోజు సంతకం జూనియర్ల చేత మాత్రమే పెట్టించకండి, సీనియర్లూ కోచ్‌లూ పెట్టాలి. కోచ్‌లకు మీరు నడిపే లెవెల్ కోర్సుల్లో దీనికి ఒక పూట కేటాయించండి. వాట్సాప్ గ్రూపులోంచి తీసేసిన కుర్రాడు ఆలస్యంగా వస్తే, తిట్టేముందు ఎందుకని అడగడం కూడా కోచింగే.

నా వృత్తివాళ్ల తరఫున ఒక కోరిక. జట్టు ఫిజియోకి కుర్రాడి ఒంటి మీది గుర్తులు ముందు కనబడతాయి. కోచ్ ద్వారా కాకుండా నేరుగా ఆ బయటి మనిషికి రిపోర్టు పంపే హక్కు ఫిజియోలకు ఇవ్వండి. ఇప్పుడు మా కాగితం కోచ్ చేతికి వెళ్తుంది. అందుకే కుర్రాళ్లు మా చేత అబద్ధం రాయించాలని చూస్తున్నారు.

ఎవరి గుర్తూ బయటపడకూడదని నా పేరు కూడా ఇక్కడ రాయడం లేదు. మీ వైద్య బృందం కోరితే, పిల్లల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి, నా దగ్గరున్న త్రోడౌన్ గాయాల వివరాలన్నీ పట్టుకుని ఏ సాయంత్రమైనా వస్తాను.

ఇట్లు,
మారతహళ్లిలోని ఒక తెలుగు ఫిజియోథెరపిస్టు,
బెంగళూరు.