ఆ ఫోన్లు ఎక్కడినుంచి వస్తున్నాయంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

పది రోజులుగా గేటు దగ్గర ఒకటే మాట. పదో తరగతి పిల్లల ఇళ్లకు ఏదో కోచింగ్ సంస్థ నుంచి ఫోన్లు వస్తున్నాయి. పిల్ల పేరు, తరగతి, నాన్న చేసే పని, లెక్కల్లో వెనకబడిన సంగతి అన్నీ అవతలివాళ్లే చెబుతున్నారట. "స్కూలువాళ్లే నంబర్లు అమ్ముకున్నారు" అన్న మాట నా గది దాకా వచ్చింది. నేరుగా వచ్చి అడిగినవారికి కృతజ్ఞతలు. అడగనివారి కోసం ఈ ఉత్తరం.

మన అడ్మిషన్ రిజిస్టరు బీరువాలో ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది. వివరాలు బయటికి వెళ్లింది జులైలో మీ వాట్సాప్ గ్రూపులో తిరిగిన "ఉచిత స్కాలర్‌షిప్ పరీక్ష" లింకు నుంచి. ఆ లింకు స్కూలు పంపలేదు. ఎవరో ఒకరు పెట్టారు, మిగతావారు నింపేశారు. పుట్టినతేదీ మొదలుకొని "ఏ సబ్జెక్టు కష్టం" దాకా అడిగితే ఓపిగ్గా రాశారు. (మేం బ్లడ్ గ్రూపు రాసి పంపమంటే మాత్రం ఆ కాగితం రెండు మూడుసార్లు ఖాళీగానే తిరిగొస్తుంది. సరే, అది వేరే సంగతి.)

ఇది నా ఊహ కాదు, పట్టుకున్నది తొమ్మిదో తరగతి అమ్మాయి. వాళ్ల నాన్నగారు ఆ ఫారం నింపమని ఫోన్ చేతికిస్తే, ఈ పిల్లకు అనుమానం వచ్చి విద్యార్థి పేరు దగ్గర వాళ్ల ఆవుదూడ పేరు రాసింది, తరగతి పది అని పెట్టింది. ఆగస్టులో ఫోన్ వచ్చింది: "సార్, మీ గౌరికి ఫీజులో సగం రాయితీ." ఆ పేరుతో ఇంకెక్కడా ఏ ఫారమూ లేదు కాబట్టి దొంగ ఏ దారిన వచ్చాడో తేలిపోయింది. ఎవరూ నేర్పలేదు, తనకే తట్టిందట! స్టాఫ్ రూములో చెప్పాను, అసెంబ్లీలో చెప్పాను, మా అక్కయ్యకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. వాళ్లు ఏం చూస్తున్నారో కనిపెట్టి దాన్నిబట్టి ప్రకటనలు చూపించకూడదంటుంది. మరి మనం ఏం చేస్తున్నాం? కింద చిన్న అక్షరాల్లో ఏముందో చూడకుండా "అంగీకరిస్తున్నాను" నొక్కేస్తున్నాం. రెండో తరగతి పిల్లాడు అన్నం తినాలని నాన్న ఫోన్ ఇస్తే, ఆ యాప్ దృష్టిలో బొమ్మల వీడియోలు చూస్తున్నది నలభై ఏళ్ల మనిషి. అప్పుల ప్రకటనలూ ఆటల జూదమూ వాడి ముందుకు వస్తే వింతేముంది?

నన్ను ఇంకా బాధపెట్టేది మరొకటి. ఫోన్, మెయిలు, ఫోటోలు, మ్యాపు, పిల్లల వీడియోలు అన్నీ ఒక్క గూగుల్ ఖాతాలో. మాటలన్నీ వాట్సాప్‌లో. ఆధార్ ఫోటో కూడా అందులోనే! 2021 అక్టోబర్ 4 రాత్రి వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఒకేసారి ఆరు గంటలపాటు ఆగిపోయాయి, ఎందుకంటే మూడూ ఒకే కంపెనీవి. పాఠాలు ఫోన్లోనే నడుస్తున్న రోజులవి. అదే ఏడాది అమెరికాలో ఒక తండ్రి, ఆస్పత్రివాళ్లు అడిగారని చంటిబిడ్డ జబ్బు ఫోటో తీస్తే, గూగుల్ కంప్యూటర్లు దాన్ని నేరంగా లెక్కగట్టి ఖాతా మూసేశాయి. పోలీసులు తప్పేమీ లేదని తేల్చినా తెరవలేదు. మెయిలు, ఏళ్లనాటి ఫోటోలు, చివరికి ఫోన్ నంబరు కూడా పోయాయి. అంత దూరం ఎందుకు, 2018లో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాను ఏం చేసిందో పర్లాకిమిడి వాళ్లకు నేను చెప్పాలా? అప్పుడు కబురు మనిషి నోటితోనే నడిచింది. అందుకే నేను డైరీ, డైరీ అని ప్రాణం తీస్తాను. హోంవర్క్ డైరీలో ఉండాలి, అమ్మానాన్నల నంబర్లు పిల్లలకు నోటికి రావాలి, మార్కుల కాగితాలు ఇంట్లో ఒక ఫైల్లో ఉండాలి. మొన్న ఆరో తరగతిలో అడిగితే అమ్మ నంబరు తప్పులేకుండా చెప్పినవాళ్లు నలుగురే.

ఈ సోమవారం నుంచి హోంవర్క్ వాట్సాప్‌లో రాదు. గ్రూపు సెలవు కబుర్లకు, అత్యవసరాలకు మాత్రమే. అందులో మీ నంబరు సభ్యులందరికీ కనిపిస్తుంది కాబట్టి, అది వద్దనుకునేవారు చెప్పండి, కబురు కాగితం మీద పంపుతాం. యూనిఫాంలో ఉన్న పిల్లల పుట్టినరోజు ఫోటోలు పేరుతో, తరగతితో సహా పెట్టడం దయచేసి మానండి. గుడ్ మార్నింగ్ పువ్వులు కూడా.

అర్ధసంవత్సరం పరీక్షలు పూజా సెలవులకు ముందే, టైంటేబుల్ నోటీసుబోర్డు మీద ఉంది. వ్యాన్ ఫీజు బాకీలు కట్టేయండి. వానలు కదా, గొడుగుల మీద పేర్లు రాయండి.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతికి ఏడో తరగతి సవర అబ్బాయి తన భాషలో ఒక పాట పాడి, తెలుగులో అర్థం చెప్పాడు. పంతులుగారు ఈ ఊళ్లోనే పిల్లలకు పాఠాలు చెప్పారు, సవర నేర్చుకుని ఆ భాషకు వ్యాకరణం రాశారు. వెనక వరసలో కూర్చున్న పెద్దవాళ్లు ఫోన్లెత్తి రికార్డు చేశారు తప్ప ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. చేతులు ఖాళీ లేవు మరి.

శనివారం మూడు గంటలకు తల్లిదండ్రుల సమావేశం. ఫోన్లో ఏ యాప్‌కు ఏ అనుమతులు ఇచ్చారో కంప్యూటర్ మాస్టారు చూపించి తీయిస్తారు. పాస్‌వర్డ్ గుర్తుంచుకుని రండి. చాలామందికి పిల్లల్ని అడిగితే తప్ప తెలియదు కాబట్టి, శుక్రవారమే అడిగి కాగితం మీద రాసుకోండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు