పాత కంప్యూటరు పాతసామాను కొట్టుకేనా?

సంపాదకులు గారికి నమస్కారములు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది కనుక, పాత కంప్యూటర్లు ఉన్నవారు కొత్తవి కొనుక్కోవడం తప్ప వేరే దారి లేదన్న అర్థం వచ్చేలా మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. అందులోని వివరాలతో నాకు పేచీ లేదు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలన్నదీ, ఇంటెల్ ప్రాసెసరైతే సుమారుగా ఎనిమిదో తరానిదో ఆ తరువాతిదో కావాలన్నదీ నిజమే. మా దుకాణంలోని మూడు యంత్రాలలో ఒక్కటీ ఆ గీత దాటదు. అయినా మూడూ రోజుకు పది గంటలు పనిచేస్తున్నాయి, మూడింటికీ భద్రతా సవరణలు క్రమంగా అందుతున్నాయి. వాటిమీద నడిచేది లినక్స్, అంటే విండోసుకు బదులుగా ఉచితంగా దొరికే ఆపరేటింగు సిస్టమ్. వ్యాసంలో ఆ పేరు ఒక్కసారైనా కనబడలేదు.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో 2008 నుంచి జెరాక్సు, టైపింగు దుకాణం నడుపుతున్నాను. కూతవేటు దూరంలో పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. అందువల్ల పొద్దున్న వచ్చినవారికి ఒడియాలో అర్జీ కావాలి, మధ్యాహ్నం వచ్చినవారికి తెలుగులో గృహప్రవేశం కార్డు కావాలి, సాయంత్రం వచ్చే కాలేజీ పిల్లలకు ఇంగ్లీషులో ప్రాజెక్టు రిపోర్టు కావాలి. ఇటువంటి దుకాణానికి రోజూ పాతిక ముప్ఫై పెన్‌డ్రైవులు వస్తాయి, వాటితో పాటు వైరసులూ వస్తాయి. నన్ను లినక్స్ వైపు నెట్టింది సిద్ధాంతమేమీ కాదు, పెన్‌డ్రైవులోని ఫోల్డర్లన్నిటినీ షార్ట్‌కట్లుగా మార్చేసే ఆ దిక్కుమాలిన వైరసు. 2012లో ఒకనాటి సాయంత్రం ఒక డిగ్రీ విద్యార్థిని తన ప్రాజెక్టు మొత్తం పోయిందని కౌంటరు దగ్గర నిలబడి ఏడుస్తుంటే, ఎలా ఉంటుందో చూద్దామని పక్కన పెట్టుకున్న లినక్స్ సీడీతో పాత కంప్యూటరును తెరిచి ఆ పెన్‌డ్రైవు పెట్టాను. పేరే లేని ఒక ఫోల్డరులో ఆమె ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వైరసు వాటిని పారేయలేదు, కేవలం దాచింది. విండోసుకు కనబడకుండా దాచినవి లినక్సుకు మామూలుగానే కనిపించాయి. మరుసటి ఆదివారమే ఒక యంత్రం మీద దాన్ని ఎక్కించాను.

తరువాత అంతా సాఫీగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. మూడో తరం ఐ3 ప్రాసెసరు, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాపులో లినక్స్ మింట్ అనే లినక్స్ రకాన్ని ఎక్కించిన రోజున తెర వచ్చింది, శబ్దం వచ్చింది, కీబోర్డు మీది వెలుతురు మీటలు సైతం పనిచేశాయి, వైఫై మాత్రం రాలేదు. అందులోని వైఫై చిప్పు తయారీదారు దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరును, అంటే డ్రైవరును, అందరూ మార్చుకునేలా విడుదల చేయకపోవడం వల్ల అది వ్యవస్థతో పాటు రాదు, విడిగా దించుకోవాలి. దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే ఆ డ్రైవరే కావాలి! ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగు పెడితే, అంటే ఫోనులోని ఇంటర్నెట్‌ను కంప్యూటరుకు ఇస్తే, గట్టెక్కవచ్చని తెలిసేసరికి రాత్రి పదకొండయింది. ఇప్పుడు నన్ను అడిగే ప్రతివారికీ మొదట చెప్పేది ఇదే: ఎక్కించే ముందు పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడండి, వైఫై, శబ్దం, ప్రింటరు మూడూ పలికితేనే హార్డ్‌డిస్కు జోలికి పోండి. ఆ ల్యాప్‌టాపుకు తరువాత హార్డ్‌డిస్కు తీసి, దానికన్నా ఎంతో వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేశాను. మునుపు బటన్ నొక్కి టీ తాగి వస్తే గాని తెరుచుకోని యంత్రం ఇప్పుడు అర నిమిషంలో సిద్ధమవుతున్నది. నిజానికి ఈ మార్పులో సగం పుణ్యం ఎస్‌ఎస్‌డీదే, మొత్తం లినక్స్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ప్రింటర్ల సంగతి వేరు. కొత్తగా వచ్చే ప్రింటర్లలో చాలావాటికి ప్రత్యేకంగా డ్రైవరు అక్కర్లేదు. నెట్‌వర్కులో ఉంటే కప్స్ అనే ముద్రణ వ్యవస్థ దానంతటదే గుర్తిస్తుంది. నాకు చిక్కు తెచ్చినది ప్రింటరు, స్కానరు కలిసి ఉన్న పాత లేజరు యంత్రం. అమ్మిన దుకాణదారు లినక్సుకు పనికొస్తుందని చెప్పి అంటగట్టాడు. ప్రింటింగు బాగానే వచ్చింది గాని స్కానరు ఏడాదిన్నర పాటు పలకలేదు. ఆధార్ కార్డు స్కాను చేయాలంటే వినియోగదారుణ్ణి కూర్చోబెట్టి రెండో యంత్రం దగ్గరకు పరుగెత్తేవాణ్ణి.

కరెంటు గురించి రాయకుండా ఉండలేను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గరైనా మా జిల్లాను కూడా అతలాకుతలం చేసింది. కరెంటు వచ్చాక కూడా చాలా రోజులు పోతూ వస్తూ ఉండేది. అప్పటికి నా యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఒక మధ్యాహ్నం స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు చివరి రోజని ఇద్దరు పిల్లలు ఎదురుగా నిలబడి ఉండగా కంప్యూటరు తెరుచుకోక, నల్లటి తెర మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్న మాట, దాని పక్కన మిణుకుమిణుకుమనే గీత మాత్రమే మిగిలాయి. గుండె జారిపోయింది. ఎదురింటి అబ్బాయి ఫోనులో చూసి చెప్పిన ప్రకారం డిస్కులోని తప్పులు వెతికి సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే అన్న ఆదేశాన్ని డిస్కు పేరుతో కలిపి కొట్టాను. రెండు నిమిషాల పాటు వరుసలు పరుగెత్తి, తప్పులు సరిచేసినట్టు చెప్పి ఆగాయి. మళ్లీ నడిపితే దరఖాస్తు ఫైలుతో సహా అంతా ఉంది. ఇటువంటి వేళల్లో లినక్స్ తన బాధను దాచకుండా చెబుతుంది, కానీ చెప్పే భాష మామూలు మనిషిని బెదరగొడుతుంది. ఆ రెండూ ఒప్పుకోవాలి. ఆ నెలాఖరులో కొత్త బ్యాటరీ కొన్నాను.

ఇక సరిహద్దు వాళ్లకు అన్నిటికంటే పనికొచ్చే సంగతి కీబోర్డు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో భారతీయ లిపులన్నిటికీ ఒకే స్థానాలు. కే, సీ, ఎన్ మీటలు వరుసగా నొక్కితే తెలుగులో ‘కమల’ వస్తుంది. సూపర్ (విండోస్ గుర్తున్న మీట), స్పేస్ మీటలు కలిపి నొక్కి ఒడియాకు మారి అవే మూడు నొక్కితే ఒడియా లిపిలో అదే మాట వస్తుంది. వేళ్లు కదిలే తోవ మారదు. ఒడియాలో హ్రస్వమైన ఎ, ఒ లు లేవు కనుక ఆ మీటలు అక్కడ ఖాళీ, ఇటువంటి కొద్దిపాటి తేడాలే. తెలుగు టైపింగు మాత్రమే వచ్చిన మా పెద్దమ్మాయి వారం రోజుల్లో ఒడియా అర్జీలు కొట్టడం మొదలుపెట్టింది. ఆమెకు సమయం పట్టింది ఒత్తుల రూపాలు గుర్తుపట్టడానికే గాని వేళ్లకు కాదు. ఇన్‌స్క్రిప్ట్ విండోసులోనూ ఉంది, ఇది లినక్స్ సొత్తు కాదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారికి ఆర్‌టీఎస్ పద్ధతి కూడా లినక్సులో ఉంది.

ఫాంట్ల దగ్గరకు వచ్చేసరికి మా ఊరికి ఒక వింత సంబంధం కనబడుతుంది. గిడుగు వెంకట రామమూర్తి గారు దశాబ్దాల పాటు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు, ఇక్కడి కొండల మీది సవరల భాషను నేర్చి దానికి నిఘంటువు కట్టారు, 1936లో ఊరు ఒడిశాలో చేరినప్పుడు ఇక్కడి నుంచి వెళ్లిపోయారు. ఆయన పేరుతో ‘గిడుగు’ అనే తెలుగు ఫాంటు ఉచితంగా దొరుకుతున్నది, శీర్షికలకు ముచ్చటగా ఉంటుంది. మా దుకాణం బోర్డు మీది అక్షరాలు అవే. అదే 1936లో సవరలు తమ భాషకు సొంతంగా రూపొందించుకున్న సొరాంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో, అంటే ప్రపంచ లిపులకు కంప్యూటర్లలో ఉన్న ఉమ్మడి అక్షర ప్రమాణంలో, చోటు దక్కింది. అనేక లిపుల అక్షరాలున్న నోటో ఫాంట్లు ఎక్కించిన నా యంత్రంలో ఆ అక్షరాలు డబ్బాలుగా కాక అక్షరాలుగానే కనిపిస్తాయి. కొండ మీది నుంచి వచ్చిన ఒక సవర ఉపాధ్యాయుడికి వాటిని తెర మీద చూపించినప్పుడు ఆయన కుర్చీ దగ్గరకు లాక్కొని, ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో చూపిస్తూ పైకి చదివారు.

నా పనికి అడ్డం వచ్చేది లినక్స్ కాదు, దాని చుట్టూ ఉన్న ఏర్పాట్లు. ఆ మధ్య ఒక కార్యాలయానికి దరఖాస్తును పీడీఎఫ్‌లో పంపితే, వర్డ్ ఫైలు కావాలని తిప్పి పంపారు. లిబ్రే ఆఫీసు అనే ఉచిత సాఫ్ట్‌వేరులో వర్డ్ రూపంలోనే దాచి పంపితే పట్టిక గీతలు జరిగాయని మళ్లీ తిప్పారు. దరఖాస్తుదారు ముసలాయన, రెండుసార్లూ బస్సు ఛార్జీలు పెట్టుకున్నారు. పింఛనుదారుల వేలిముద్ర తీసుకునే చిన్న పరికరానికి లినక్స్ సాఫ్ట్‌వేరు దొరకక నేనా పనికి ఆండ్రాయిడ్ ఫోను వాడుకుంటున్నాను. ఆ ఫోను కడుపులో ఉన్నదీ లినక్స్ కెర్నెలే, అంటే దాని మూల భాగమే అన్నది వేరే తమాషా. కేంద్ర ప్రభుత్వం ఈ-పాలనలో ఓపెన్ స్టాండర్డ్స్ (అందరూ స్వేచ్ఛగా వాడుకోగల ప్రమాణాలు) గురించి 2010లోనే విధానం ప్రకటించింది, లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు వాడకం గురించి 2015లో మరొకటి ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు పరిశోధన సంస్థ సీ-డాక్ వారు బాస్ పేరుతో మన దేశపు లినక్సునే తయారుచేశారు. కేరళలో ప్రభుత్వ బడి పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటున్నారు. ఇన్ని ఉండగా ఒక అర్జీ ఏ ఫైలు రూపంలో ఉండాలన్న దగ్గరే మేము ఆగిపోతున్నాం.

అన్ని పాత యంత్రాలనూ లినక్స్ బతికిస్తుందని కూడా నేను అనను. 32 బిట్ల ప్రాసెసర్ల కాలం దాదాపు తీరింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్ రకం కూడా వాటికి ఇన్‌స్టాలరు ఇవ్వడం మానేసింది. రెండు జీబీ ర్యామ్‌తో నేటి బ్రౌజరును నడపడం శిక్ష. ఫొటోషాప్ తప్పనిసరైన స్టూడియో వారు, ట్యాలీ మీదే బతికే లెక్కల వారు మారకపోవడమే మేలు. కానీ నాలుగు జీబీ ర్యామ్, 64 బిట్ల ప్రాసెసరు ఉండి, టైపింగు, బ్రౌజింగు, పిల్లల చదువు తప్ప వేరే పని లేని ల్యాప్‌టాపులను పర్లాకిమిడిలో పాతసామాను కొట్టుకు కిలోల లెక్కన వేస్తున్నారు. గత దసరాకు అక్కడి నుంచే ఐదువందల రూపాయలకు ఒకటి తెచ్చాను. ఎస్‌ఎస్‌డీ వేశాక ఇప్పుడది మా అక్క మనవడి బల్ల మీద ఉంది.

చివరిగా మీ పత్రికకే ఒక మనవి. పాఠకుల ఉత్తరాలు పాత పద్ధతి డీటీపీ ఫాంట్లలో ఉంటేనే వీలని మీ విలేకరి ఒకరు చెప్పారు. ఆ ఫాంట్లలో కొట్టిన ఫైలును వేరే యంత్రంలో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి, అందులో ఒక మాటను వెతకడానికీ వీలుండదు. ఈ ఉత్తరాన్ని యూనికోడ్‌లో కొట్టి, ఫైలుతో పాటు ఒక కాగితం ప్రతిని కూడా పోస్టులో పంపుతున్నాను. ఫైలు మీ దగ్గర సరిగా తెరుచుకున్నదో లేదో ఒక్క మాట తెలియజేస్తే, ఇక మీదట మా దుకాణానికి వచ్చి మీకు ఉత్తరాలు రాయించుకునేవారికి కాగితం ఖర్చు తప్పిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా