వచ్చే శనివారం కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ నదిలో పడవ ప్రయాణం

సభ్యులందరికీ నమస్కారం.

వచ్చే శనివారం ఉదయం 9 గంటలకు ఫారెస్ట్‌విల్‌లో కలుసుకొని, అక్కడి నుంచి గర్న్‌విల్ వరకు సుమారు 10 మైళ్ళు కనూలలో (సన్నని, పొడవాటి చిన్న పడవలలో) మెల్లగా తెడ్డు వేసుకుంటూ వెళదాము. వేసవిలో ఈ నది నెమ్మదిగా పారుతుంది, చాలాచోట్ల లోతు తక్కువ. కనుక తెడ్డు పట్టడం ఇదే మొదటిసారి అయినవారు కూడా నిశ్చింతగా రావచ్చు. మధ్యలో ఇసుక ఒడ్డున ఆగి భోజనం చేస్తాము కాబట్టి నాలుగైదు గంటలు పట్టవచ్చు. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి ఎదురుగాలి మొదలైతే చేతులు నొప్పెడతాయి, అందుచేత దయచేసి ఆలస్యంగా రావద్దు.

పదమూడేళ్ళలోపు పిల్లలు లైఫ్ జాకెట్ ధరించడం కాలిఫోర్నియా చట్టం ప్రకారం తప్పనిసరి. మన బృందంలో పెద్దలు కూడా ధరించాలని నా మనవి.

ఎంతమంది వస్తున్నారో, పిల్లల వయసు, బరువు ఎంతో బుధవారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేస్తే సరైన కొలత జాకెట్లు, కనూలు ముందుగా అద్దెకు తీసుకుంటాను. తిరుగు ప్రయాణం కోసం రెండు కార్లను ముందే గర్న్‌విల్‌లో ఉంచాలి. అందుకు ఇద్దరు ముందుకు రావాలి.

తాగునీరు, టోపీ, తడిసినా పరవాలేదనుకునే చెప్పులు మరువకండి. పులిహోర నేను తెస్తాను. ఫోన్లు, కారు తాళాలు మాత్రం నీరు చొరని సంచిలోనే ఉంచండి.