జిరాఫీ కాళ్ళ కింద మ్యాట్

సూర్యాపేట,
ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు

ఒరేయ్ బావా,

ముందు తిట్టుకో, తిట్టుకున్నాక చదువు. నీ మెసేజ్ వచ్చి నెల దాటిపోయింది. "దసరాకి వస్తున్నా, పిల్లలందర్నీ ఏదైనా వాటర్ పార్కుకి తీసుకుపోదాం, ఎంతవుతుందో కనుక్కో" అన్నావు. కనుక్కున్నా. అదే రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఒకసారి నవ్వొచ్చి, ఒకసారి ఒళ్ళు మండి ఆగిపోయింది. ఫోన్లో చెప్పే విషయం కాదిది. నేను అసలు సంగతికి వచ్చేసరికి మస్కట్‌లో నీకు షిఫ్టు టైమవుతుంది.

మిగతా వార్తలు గబగబా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. స్లాబు మరమ్మతు అయిపోయింది, కారడం మాత్రం అయిపోలేదు. నా ట్రాన్స్‌ఫర్ ఇంకా రాలేదు. మీ చిన్నాన్న కొత్త బస్టాండు దగ్గర కనపడి నీ గురించి అడిగాడు, బాగా సంపాదిస్తున్నాడని చెప్పి నీ పరువు నిలబెట్టా. ఇంతే.

ఇప్పుడు విను. మే నెల రెండో శనివారం, బ్యాంకు సెలవు. మేం నలుగురం, అమ్మ, నాన్న. ఫోన్లో ఒక్కో మనిషికి 949 అని పెద్ద అంకెలు కనిపించాయి. ఆరుగురం కదా, ఆరు వేలకి అటూ ఇటూ, డీజిలుతో ఎనిమిదవుతుంది అనుకున్నా. ఆ 949 పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో 'నుంచి' అని ఉందిరా. ఆ ఒక్క ముక్క నేను చదవలేదు, నాన్న చదివాడు. కారెక్కే ముందే అడిగాడు: "నుంచి అన్నాడు, ఎందాకానో రాయలేదేం?"

మన తక్కెడ సార్ సంగతి నీకు చెప్పాలా! ముప్పై నాలుగేళ్ళు తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరైన మనిషి. పెట్రోలు బంకు కనపడితే ఇప్పటికీ ఐదు లీటర్ల కొలత పాత్ర ఎక్కడుందని చూస్తాడు. కూరగాయల కొట్టులో కాటా మీద ఆ ఏడాది ముద్ర ఉందా లేదా చూశాకే టమాటాలు చూస్తాడు. నీ ముప్పై గ్రాముల జిలేబీ కూడా... సరే, అది మళ్ళీ తవ్వను. నువ్వింకా బాకీ ఉన్నావు, అంతవరకు గుర్తుంటే చాలు.

కొర్లపహాడ్ దగ్గర ఒక టోలు, పంతంగి దగ్గర ఇంకోటి, ఔటర్ దిగేటప్పుడు మూడోది. చేత్తో నోటు తీసి ఇస్తే కాస్త నొప్పి తెలుస్తుంది. ఈ ఫాస్టాగ్ పుణ్యమా అని బీప్ అంటే చాలు, ఎంత పోయిందో కూడా తెలియదు. నాన్నకి మాత్రం తెలుసు. ముందు సీట్లో కూర్చొని, నా ఫోన్లో మెసేజ్ పడగానే చూసి, జేబు పుస్తకంలో రాసుకుంటున్నాడు. పుస్తకం ఏదో చెప్పనా? అదే, ఎర్ర అట్టది. మనం హాస్టల్లో ఉన్నప్పుడు మీ నాన్న పంపిన డబ్బు కూడా రాసిపెట్టిన పుస్తకం తాలూకు వారసుడు.

పార్కు పేరు రాయను, నువ్వు వచ్చినప్పుడు దాని ముందు నుంచే పోతాం. పార్కింగ్ 120. గేటు దగ్గర సంచీలు విప్పించారు. అమ్మ తెల్లారుజామున మూడున్నరకి లేచి కలిపిన పులిహోర, దద్దోజనం. "బయటి తిండి లోపలికి రాదమ్మా" అన్నాడు సెక్యూరిటీ కుర్రాడు, పాపం మర్యాదగానే. అమ్మ వాడికే రెండు ముద్దలు పెట్టబోయింది. చివరికి డబ్బాలు తీసుకెళ్ళి కారు డిక్కీలో పెట్టొచ్చా. మే నెల ఎండ, డిక్కీ... దీని సంగతి తర్వాత.

ఇప్పుడు అసలు కథ. టికెట్ కౌంటరు పక్కన గోడ మీద జిరాఫీ బొమ్మ. దాని మెడ మీద ఎర్ర గీత, 140 సెంటీమీటర్లు. గీత కింద ఉంటే పిల్లల టికెట్టు 1,100. తాకితే పెద్దల టికెట్టు 1,400. వయసుతో పని లేదు. శనివారం కాబట్టి ఆ రేటు, అందులోనే 18 శాతం జీఎస్టీ. ("మొదట్లో 28 ఉండేది, 2018 జనవరిలో తగ్గించారు, సంతోషించు" అన్నాడు నాన్న.) మా పెద్దాడికి పదేళ్ళు నిండాయి, తాడిచెట్టులా పెరుగుతున్నాడు. జిరాఫీ పక్కన నిలబెడితే తల సరిగ్గా గీతకి తగిలింది. "పెద్ద టికెట్టు సార్" అంది కౌంటరు అమ్మాయి. నేను కార్డు తీశా. వెనక క్యూ చాంతాడంత ఉంది, మూడు వందల కోసం ఎవడు వాదిస్తాడు?

"ఆగు" అన్నాడు నాన్న.

ఆ గొంతు నీకు తెలుసు.

"చెప్పులు విప్పరా." విప్పాడు. కొంచెం తగ్గింది, కానీ జుట్టు ఇంకా గీతకి ఆనుతూనే ఉంది. నాన్న కింద కూర్చున్నాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, ఇస్త్రీ ప్యాంటుతో గొంతుక్కూచొని, జిరాఫీ కాళ్ళ దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడు. క్యూ అంతా మెడలు చాచింది.

"అమ్మా, దీనికి సున్నా ఎక్కడ?"

"సున్నా ఏంది సార్?"

"కొలతకి సున్నా ఉంటుంది కదమ్మా. ఈ జిరాఫీకి సున్నా గచ్చు మీద పెట్టారు. మీరు పిల్లాణ్ణి నిలబెట్టింది మ్యాట్ మీద."

చూద్దుం కదా, కింద నల్ల రబ్బరు మ్యాట్! గీసినవాడు గచ్చు నుంచి గీశాడు, తర్వాతెప్పుడో ఎవరో పిల్లల కాళ్ళు కాలతాయని మ్యాట్ వేసి ఉంటారు. మోసం అనుకోవడానికి కూడా లేదు. కానీ ఆ మ్యాట్ పుణ్యాన ఎంతమంది పిల్లలు ఒక్క రోజులో పెద్దవాళ్ళైపోయారో! సూపర్‌వైజర్ వచ్చాడు. నాన్న ఒక్క మాట కూడా గొంతు పెంచి అనలేదు. చేతిసంచీలోంచి స్టీలు టేపు తీశాడు. (అవును, పిక్నిక్‌కి టేపు తెచ్చాడు. మీ చెల్లెలు నా వైపు చూసిన చూపు నేను రాయలేను.) "డబ్బు తీసుకునే చోట వాడే కొలత ఏదైనా సరే తనిఖీ అయి ముద్ర పడి ఉండాలి, 2009 చట్టం" అని మెల్లగా చెప్పి, మ్యాట్ పక్కకి జరిపించి, పెద్దాణ్ణి గోడకి ఆనించి, తల మీద నిలువుగా పుస్తకం పెట్టి కొలిచాడు. ఆ ఎర్ర పుస్తకమే.

నూట ముప్పై తొమ్మిదిన్నర.

క్యూలో చప్పట్లురా! అబద్ధం కాదు. మా వెనక ఒకావిడ ఇద్దరు పిల్లల్ని లాక్కొచ్చి "పెద్దాయనా, వీళ్ళని కూడా చూడండి" అంది. పావుగంట నాన్న మళ్ళీ ఉద్యోగం చేశాడు. వాళ్ళలో ఒకడు కిందికి దిగాడు, ఒకడు దిగలేదు. "వీడు నిజంగానే పెద్దోడమ్మా, కట్టెయ్" అని ఆవిడకి కూడా నిక్కచ్చిగానే చెప్పాడు. రిటైరయ్యాక ఆయన ముఖం అలా వెలగడం నేను చూడలేదు.

టికెట్లన్నీ కలిపి 7,100. లోపలికెళ్ళాక కాటన్ బట్టలతో నీళ్ళలోకి దిగనివ్వమన్నారు, నైలాన్‌వే కావాలట. అమ్మకి, మీ చెల్లెలికి, చిన్నదానికి కొంటే 1,200. అమ్మ అది వేసుకొని అద్దంలో చూసుకొని పావుగంట బయటికి రాలేదు, వచ్చాక పాదాలు తడుపుకొని ఊరుకుంది. లాకరుకి 300. నాన్న లాకరు దండగని సంచీల దగ్గర తానుంటానన్నాడు, మీ చెల్లెలు మాత్రం గొలుసు, ఫోన్లు లాకర్లోనే పెడతానంది. కాబట్టి లాకరూ కొన్నాం, నాన్న కూడా బెంచీ మీదే ఉన్నాడు. సీనియర్ టికెట్టు 1,050 పెట్టి లోపలికొచ్చిన మనిషి పొడిగా వచ్చి పొడిగా పోయాడు.

భోజనాల దగ్గర నీళ్ళ సీసా చేతిలోకి తీసుకొని ఎమ్మార్పీ చదువుతుంటే నా గుండె జారింది. హోటళ్ళవాళ్ళు ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఆయనకి ఆ విషయం మీద పుండే. తిప్పి తిప్పి చూసి నవ్వాడు. "ధర సరిగ్గానే ఉందిరా. బయట ఈ డబ్బుకి లీటరొస్తుంది, ఇది అర లీటరు. సీసాని కోశాడు గానీ చట్టాన్ని కొయ్యలేదు. తెలివైనవాడు." భోజనం 1,840 అయింది, రుచి గురించి రాయను. మన హాస్టల్ ఆదివారం కూర గుర్తొచ్చింది, అంతే.

సరే. మూడింటికి పెద్దాడు రోలర్ కోస్టర్ దగ్గరికి లాక్కెళ్ళాడు. వాడు నెల రోజులుగా కలవరించింది దానికోసమే. గంట సేపు క్యూ. డబ్బెక్కువ కడితే క్యూ తప్పించే పాసు ఉందట, నేను వినిపించుకోలేదు. మా వంతు వచ్చింది. అక్కడ అడ్డంగా ఒక కర్ర.

140.

ఆ ఎత్తు లేకపోతే ఎక్కనివ్వరు. సేఫ్టీ కోసం, న్యాయమే. వాడు కర్ర కింద నిలబడ్డాడు. జుట్టు మాత్రమే తగిలింది. మునివేళ్ళ మీద లేచాడు. "మడమలు కిందికి, బ్రో" అన్నాడు ఆపరేటరు. వాడు నా వైపు చూసి "తాతయ్యని పిలువు, తాతయ్య దగ్గర టేపుంది" అన్నాడు. వాడి లెక్కలో తాతయ్య టేపు తీస్తే ఎవరైనా దారికొస్తారు, పొద్దున చూశాడు కదా!

నాన్న వచ్చాడు. కర్ర ఎత్తు కొలిచాడు, సరిగ్గా ఉంది. వాణ్ణి కొలవలేదు, కొలవాల్సిన పని లేదు. అప్పుడు పెద్దాడు ఆయన చెయ్యి పట్టుకొని చెవిలో అడిగాడురా, నాకూ వినపడింది: "తాతయ్యా, పొద్దుటి మ్యాట్ తెచ్చుకుందామా?"

నేను పగలబడి నవ్వబోయి ఆగిపోయా. నాన్న ముఖం చూసి. ఆయన ఏదో అనబోయాడు, అనలేదు. "నూట ముప్పై తొమ్మిదిన్నరేరా నాన్నా" అన్నాడు. అంతే, వాడు ఆయనతో మాట మానేశాడు. వాణ్ణి ఊరుకోబెట్టడానికి నీళ్ళ తుపాకీ 550. చిన్న జారుడు దగ్గర తీసిన ఫోటో 350. అందులో మేమంతా నోళ్ళు తెరిచి ఉన్నాం, వాడొక్కడు కెమెరాని అప్పులవాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. ఐస్‌క్రీములు, మజ్జిగలు వేరే. మూడు వందలు మిగిల్చినందుకు తొమ్మిది వందలు. ఆ మాట మీ చెల్లెలు అనలేదు. అనకుండా ఉండటం ఇంకా గట్టిగా వినపడింది.

వచ్చేటప్పుడు చౌటుప్పల్ దాటాక ఆకలేసి రోడ్డు పక్కన ఆపాం. దద్దోజనం డబ్బా మూత తియ్యగానే పులిసిన వాసన గుప్పుమంది. అమ్మ ఏమీ అనకుండా అవతలికెళ్ళి కుక్కలకి పెట్టొచ్చింది. పులిహోర మాత్రం నిలబడింది. లారీల లైట్ల వెలుతురులో, డిక్కీ మీద పెట్టుకొని తిన్నాం. నాన్న నా పక్కకొచ్చి "నేను ఊరుకోవాల్సిందేమోరా" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట వినడం. నాకేం చెప్పాలో తోచలేదు. లేదు నాన్నా అంటే అబద్ధం, అవునంటే... ఇంకో ముద్ద పెట్టుకోమన్నా.

మొత్తం 15,040. టికెట్లు అందులో సగం కూడా కాదు. మర్నాడు పుస్తకం దొంగతనంగా చూశా. జమ వైపు 'ఎత్తు తేడా వల్ల మిగులు 300' అని రాసి, దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టేసి ఉంది. అమ్మ మూడున్నరకి లేచిన సంగతి ఏ వైపూ లేదు.

నువ్వు మాత్రం నైలాన్ బట్టలు అక్కడి నుంచే తెచ్చుకో. శనివారం వద్దు, బుధవారమో గురువారమో పోదాం. పొద్దున్నే కడుపునిండా తినిపించి తీసుకెళ్దాం.

పెద్దాడు వారం తర్వాత మాటలు కలిపాడు. కారణం విను. మనిషి పొద్దున లేచేసరికి కొంచెం పొడుగుంటాడని, సాయంత్రానికి తగ్గుతాడని నాన్న వాడికి చెప్పాడు. ఇప్పుడు ఇద్దరూ తెల్లారగానే తలుపు చట్రం దగ్గర కొలతలు, పెన్సిల్ గీతలు. మధ్యాహ్నం జామచెట్టు కొమ్మకి వేలాడటం. మొన్న గురువారం ఆరున్నరకి నూట నలభై వచ్చిందట, వీధంతా చెప్పుకొచ్చాడు. నువ్వు దసరాకి వచ్చేసరికి ఏ టైముకి కొలిచినా దాటేస్తాడు. అంటే రోలర్ కోస్టర్ ఖాయం, పెద్ద టికెట్టూ ఖాయం. ఆ తేడా మూడు వందలు నీ జిలేబీ బాకీ కింద నువ్వే

కరెంటు పోయింది. పైన ట్యాంకు నిండలేదని అమ్మ పిలుస్తోంది. ఉంటా.

నీ
అరకిలో