బిడ్డ హక్కును రాజీ కాగితంలో రాసివ్వకండి

సంపాదకులకు నమస్కారాలు.

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో కాపురం చెడితే తగవు ముందుగా చేరేది పెద్దమనుషుల దగ్గరకే. రామమందిరం అరుగు మీద ఇరువైపులవారినీ కూర్చోబెట్టి, ఇచ్చిపుచ్చుకోవలసినవి తేల్చి, స్టాంపు కాగితం మీద తెగతెంపుల ఒప్పందం రాయించి సంతకాలు తీసుకుంటారు. ఈ పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. ఇచ్ఛాపురం వైపు పల్లె నుంచి శ్రీకాకుళం కోర్టుకు వాయిదాకు రావాలంటే వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణమూ, ఆ రోజు కూలి నష్టమూ ఉన్నాయి కనుక ఊళ్లోనే తేల్చుకోవాలని కోరుకోవడం న్యాయమే. ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్న కాలంలోనూ, పదవీ విరమణ తర్వాతా, అటువంటి కాగితాలు చదివిపెట్టమని నా దగ్గరకు తెచ్చినవారు చాలామంది ఉన్నారు. వాటిలో మాటిమాటికీ కనబడే ఒక షరతు గురించే ఈ ఉత్తరం. బిడ్డను తల్లి తీసుకుపోవచ్చుననీ, అందుకు బదులుగా తనకు గాని బిడ్డకు గాని భరణమూ ఆస్తీ ఇక ఎన్నడూ అడగరాదనీ అందులో రాసి ఉంటుంది.

బిడ్డ కావాలో సొమ్ము కావాలో తేల్చుకోమని తల్లిని నిలదీయడమే ఇది. పెళ్లికి చేసిన అప్పు తీరక పుట్టింటివారు సతమతమవుతున్నప్పుడు, తగవు ఇంకా సాగదీసే ఓపిక లేక, బిడ్డే చాలునని ఆమె సంతకం పెడుతుంది. తన హక్కును ఆమె వదులుకుందనే అనుకుందాం. బిడ్డ హక్కును వదులుకునే అధికారం ఆమెకు ఎక్కడిది? తమను తాము పోషించుకోలేని మైనరు పిల్లలకు తండ్రి నుంచి భరణం ఇప్పించే నియమం పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షనులో ఉండేది. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షనుగా అమల్లో ఉంది. ఏ మతంవారికైనా ఇది వర్తిస్తుంది. తల్లిదండ్రులు తమలో తాము రాసుకున్న కాగితం ఈ హక్కును చెరిపివేయలేదు. పిత్రార్జితం సంగతీ అంతే. హిందూ కుటుంబంలో కొడుకుకు పుట్టుకతోనే అందులో వాటా ఉంది. కూతురికి ఆ వాటా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ చట్టంతోనూ, దేశమంతటా 2005 సవరణతోనూ వచ్చింది. తండ్రి మారుమనువు చేసుకున్నా, తల్లి బిడ్డతో పుట్టింటికి వెళ్లిపోయినా ఆ వాటా పోదు.

ఇక పిల్లలు ఇద్దరుంటే మగపిల్లవాణ్ణి తండ్రికీ, ఆడపిల్లను తల్లికీ పంచడం ఒక అలవాటైపోయింది. వంశం నిలబెట్టేవాడని పట్టుబట్టి పిల్లవాణ్ణి ఉంచుకున్న తండ్రి కొద్ది నెలలకే చెన్నైకో హైదరాబాదుకో పనికి వెళ్లిపోతాడు, పిల్లవాడు నాయనమ్మ దగ్గర పెరుగుతాడు. కన్నతల్లి మాత్రం అన్నం బెల్లు కొట్టే వేళకు బడి గేటు దగ్గరకు వచ్చి, కొడుకును ఒక్కసారి పిలిపించమని బతిమాలుకోవలసి వస్తుంది. పిలిపిస్తే తండ్రివైపువారు బడి మీదికి గొడవకు వస్తారు. పిలిపించకపోతే ఆ తల్లి ముఖం చూడలేము. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు చూడవచ్చునో కాగితంలో ఒక్క ముక్కైనా రాసి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మొదలు బిడ్డ క్షేమాన్నిబట్టి తేల్చవలసిన విషయం. అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతోంది. బిడ్డ ఎవరి దగ్గర ఉన్నా రెండోవారి ప్రేమ కూడా అందాలనీ, దూరాన ఉన్నవారు ఫోనులోనో వీడియో కాల్‌లోనో మాట్లాడే వీలుండాలనీ 2020లో యశితా సాహూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వలసలు ఇంతగా ఉన్న మన జిల్లాకు ఈ మాట ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఆస్తి విషయంలో ఆడవాళ్లకు జరిగే అన్యాయం ఇంకా లోతుగా ఉంది. మామగారి పేరిట ఉన్న స్థలంలో, కోడలు డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని ఇల్లు కడుతుంది; జీడిపప్పు బట్టీలోనో ఉపాధి పనిలోనో సంపాదించి వాయిదాలు తీరుస్తుంది. కాపురం చెడిన రోజున ఆ ఇంట్లో ఆమెకు వాటా ఏదని ఎవరూ అడగరు. గోవాలో తప్ప, వివాహ కాలంలో కూడిన ఆస్తిని దంపతులిద్దరిదిగా లెక్కించే చట్టం మనకు లేదు. విడాకుల సమయంలో భర్త స్థిరాస్తి నుంచి భార్యకూ పిల్లలకూ పరిహారం ఇప్పించే బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించింది గాని, లోక్‌సభలో నెగ్గకుండానే దానికి కాలం చెల్లిపోయింది. ఇల్లాలి చాకిరీ కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని 2023లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పు నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. చట్టం వచ్చేదాకా కనీసం ఆమె పేరిట ఉన్న అప్పును ఎవరు తీర్చాలో పెద్దమనుషులు తేల్చాలి. ఇల్లు అతనికీ, వాయిదాలు ఆమెకూ మిగలడం ఏ ధర్మం? పుట్టింటివారు పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి పూర్తిగా ఆమెవే. వాటిని తిరిగి ఇవ్వడాన్ని దయగా చూపించి, ఆ లెక్కలో భరణం కొట్టివేయడం నేను చదివిన కాగితాల్లో చాలాచోట్ల ఉంది.

విడాకుల ఆచారం ఉన్న కులాల్లో ఆ ఆచారాన్ని 1955 నాటి హిందూ వివాహ చట్టం కాపాడింది. అటువంటి ఆచారం ఉన్నట్టు రుజువు కానిచోట ఈ స్టాంపు కాగితంతో వివాహం రద్దు కాదు. ఈ సంగతి తెలియకనే ఎందరో రెండో పెళ్లిళ్లు చేసుకుంటున్నారు.

మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇచ్చే ఏర్పాటు 1987 నాటి చట్టంలోనే ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసి సహాయం అడగవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థవారు బిడ్డ పోషణనూ, చూసే వేళలనూ, చదువు ఖర్చునూ ఆస్తి లెక్కలతో కలపకుండా విడిగా రాసేలా ఒక నమూనాను సులభమైన తెలుగులో తయారుచేసి ప్రతి గ్రామ సచివాలయంలోనూ అంటించాలని కోరుతున్నాను. తగవు తీర్చే అరుగు మీద ఒక్క స్త్రీ అయినా కూర్చునేలా చూడాలని మా ఊళ్ల పెద్దలను వేడుకుంటున్నాను. 144వ సెక్షను కింద పిల్లల భరణానికి దరఖాస్తు ఎలా పెట్టుకోవాలో మీ పత్రిక జిల్లా పేజీలో వివరంగా ప్రచురిస్తే, ఇప్పటికే అటువంటి కాగితాల మీద సంతకం పెట్టిన తల్లులకు కూడా ఉపయోగపడుతుంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా