ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు మూడు క్లిప్పులు వేసి చూడండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో వీడియో ఎడిటింగ్ కోర్సుల ప్రకటనలు జిల్లా ఎడిషన్లలోనూ, ఆటోల వెనకాలా వరస కడతాయి. వాటిలో సాఫ్ట్‌వేర్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది గానీ దానితో ఏ పని నేర్పుతారో ఉండదు. ఆ పేరు చూసే పిల్లలు చేరతారు, ఆ పేరు వినే చిన్న ఊళ్లలో స్టూడియో వాళ్లు కంప్యూటర్ కొంటారు. కొన్న కంప్యూటర్‌కీ, తీసే కెమెరాకీ పొత్తు కుదరదని తెలిసేసరికి డబ్బు చేతులు దాటిపోతుంది. ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు పనికొస్తుందని కొన్ని సంగతులు రాస్తున్నాను.

‘ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?’ అని అడిగితే ఎవరి అలవాటు వాళ్లు చెబుతారు. అడగవలసింది, ఎడిట్ అయిన ఫైల్ తర్వాత ఎవరి చేతికి వెళ్తుంది అని. సినిమా, వెబ్ సిరీస్ అయితే శబ్దం ప్రో టూల్స్ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్ ఉన్న స్టూడియోకి, బొమ్మ కలర్ గ్రేడింగ్‌కి, అంటే రంగులు సరిదిద్దడానికి వెళ్తాయి. సౌండ్ వాళ్లు ఏఏఎఫ్ అడుగుతారు, అంటే శబ్దం ముక్కలను వాటి స్థానాలతో సహా మోసుకెళ్లే ఫైల్. ప్రతి ముక్కకూ అటూ ఇటూ కొన్ని సెకన్ల హ్యాండిల్స్ (అదనపు శబ్దం), మొదటి ఫ్రేముకు సరిగ్గా 2 సెకన్ల ముందు ఒక్క ఫ్రేము బీప్ అడుగుతారు. అవిడ్ మీడియా కంపోజర్, ప్రీమియర్ ప్రో, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు మూడూ ఏఏఎఫ్ ఇస్తాయి. ఫైనల్ కట్ ప్రో నేరుగా ఇవ్వదు, దానికి విడిగా ఇంకో అప్లికేషన్ కొనుక్కోవాలి. ఒకే సినిమా మీద నలుగురైదుగురు కూర్చునే చోట బిన్‌కు (క్లిప్పులుంచే ఫోల్డర్‌కు) తాళం పడే అవిడ్ పద్ధతికి ఇప్పటికీ గౌరవం ఉంది. ఒకరు తెరిచిన బిన్‌ను రెండోవారు చూడగలరు, చెరపలేరు.

కృష్ణానగర్ ఎడిటింగ్ సూట్‌లో అసిస్టెంట్‌గా చేరాలనుకునే కుర్రాడు ముందు ఆ సూట్‌లో ఏది నడుస్తోందో కనుక్కుని అదే నేర్చుకోవాలి. ఇక్కడ సొంత ఇష్టానికి చోటు తక్కువ.

పెళ్లి వీడియోల లోకం వేరు. మన దగ్గర దాన్ని ఎడిటింగ్ అని కూడా అనరు, మిక్సింగ్ అంటారు. ఆరేడు గంటల ఫుటేజీ, మూడు కెమెరాలు, ఒక డ్రోన్, పైగా ఇంకో వారం తిరగకుండా మరో పెళ్లి. ఇక్కడ ఎడియస్ అనే సాఫ్ట్‌వేర్ ఇన్నేళ్లుగా నిలబడటానికి కారణం ఉంది. రకరకాల కెమెరాల ఫైళ్లను మార్చకుండానే టైమ్‌లైన్‌లో వేసి లాగించేస్తుంది. దాన్ని పాత సరుకని వెక్కిరించేవాళ్లు ఒక ముహూర్తాల సీజన్ మిక్సింగ్ చేసి మాట్లాడితే బాగుంటుంది. అయితే రంగుల పనిలో రిజాల్వ్ ముందు అది ఆనదు. హైలైట్స్ మూడు నిమిషాలు మాత్రం రిజాల్వ్‌లో చేసి, మిగతా నిడివి ఎడియస్‌లో కానిచ్చేవాళ్లను తప్పుపట్టలేం.

ఇక అసలు చిక్కు కెమెరాతో వస్తుంది. సోనీ ఎ7-4, ఎఫ్‌ఎక్స్3 లాంటి కెమెరాలు 10 బిట్, 4:2:2లో, అంటే రంగుల వివరం ఎక్కువ దాచే పద్ధతిలో రికార్డు చేస్తాయి. మెమరీ కార్డులో ఫైల్ చిన్నదే. తెరిచి ఆడించాలంటే మాత్రం కంప్యూటర్ ప్రతి ఫ్రేమునూ లెక్కకట్టి విప్పాలి. ఆ విప్పే పని చేసే ప్రత్యేక భాగం గ్రాఫిక్స్‌లో ఉంటే సాఫీగా నడుస్తుంది. లేకపోతే మొత్తం భారం ప్రాసెసర్ మీద పడి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఎన్విడియా కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు ముందువి 4:2:2ను విప్పలేవు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో ఆ పని చేస్తుంది. ఆపిల్ ఎం సిరీస్ చిప్‌లు కూడా చేస్తాయి. షాపుల్లో జరిగే పొరపాటు ఇక్కడే. వెయ్యో రెండువేలో తగ్గుతుందని పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ బిగిస్తారు. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. పక్కన 40 వేల ఎన్విడియా కార్డు ఉన్నా, అది 50 సిరీస్ కాకపోతే ఈ ఒక్క పనికి అక్కరకు రాదు. పరీక్ష సులువు. క్లిప్ ఆడిస్తూ విండోస్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరిచి ‘వీడియో డీకోడ్’ గీత చూడాలి. అది నేలమీదే ఉండి ప్రాసెసర్ గీత నూటికి తాకుతుంటే విషయం తేలిపోయినట్టే.

రిజాల్వ్ ఉచితమని విని దించుకునేవాళ్లకు ఇంకో మెలిక. విండోస్‌లో ఉచిత వెర్షన్ ఈ 10 బిట్ 4:2:2 క్లిప్పులను తీసుకోదు. శబ్దం వినిపిస్తుంది, బొమ్మ రాదు. ఫైల్ పాడైందనుకుని కెమెరామన్‌తో గొడవ పడేవాళ్లున్నారు. ఫైల్‌కేం కాలేదు. ‘స్టూడియో’ అనే డబ్బు కట్టే వెర్షన్ కొనాలి, లేదా షట్టర్ ఎన్‌కోడర్ లాంటి ఉచిత సాధనంతో ఎడిటింగ్‌కు తేలికైన డీఎన్‌ఎక్స్‌హెచ్ఆర్ ఫార్మాట్‌కు మార్చుకోవాలి. మార్చేటప్పుడు అందులో హెచ్‌క్యూఎక్స్ రకం ఎంచుకోవాలి. హెచ్‌క్యూ 8 బిట్ మాత్రమే, దాంతో లాగ్‌లో (గ్రేడింగ్ కోసం వెలిసిన రంగుల్లో) తీసిన ఆకాశం గ్రేడింగ్‌లో చారలు చారలుగా విరుగుతుంది. లైనక్స్‌లో ఉచిత వెర్షన్ అయితే మామూలు హెచ్.264ను కూడా తెరవదు. ఉచిత వెర్షన్ 3840×2160 వరకే ఎగుమతి చేస్తుంది, థియేటర్‌కు కావలసిన 4096×2160 ఇవ్వదు. వరస ఫ్రేములను పోల్చి బొమ్మలోని గరుకు తీసే టెంపోరల్ నాయిస్ రిడక్షన్ కూడా స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. తక్కువ వెలుతురులో తీసిన సంగీత్ ఫుటేజీకి అదే ప్రాణం.

ఫైళ్లను డీఎన్‌ఎక్స్‌హెచ్ఆర్‌కో, అలాంటిదే అయిన ప్రోరెస్‌కో మార్చితే డిస్కు లెక్క వేసుకోవాలి. 25 ఫ్రేముల 3840×2160 ప్రోరెస్ 422 సెకనుకు 492 మెగాబిట్లు, అంటే గంటకు 220 జీబీ పైమాటే. మూడు కెమెరాలు ఒకేసారి ఆడించాలంటే సెకనుకు దాదాపు 185 మెగాబైట్లు చదవాలి. మామూలు హార్డ్ డిస్కు 150 దగ్గరే ఆయాసపడుతుంది. సాఫ్ట్‌వేర్ హ్యాంగ్ అవుతోందని తిట్టుకునేది చాలాసార్లు ఈ డిస్కు వల్లే. దారి ప్రాక్సీ, అంటే ఎడిట్ కోసం చేసుకునే చిన్న నకలు. అదే క్లిప్‌ను 1920×1080 ప్రోరెస్ ప్రాక్సీగా చేస్తే 38 మెగాబిట్లు, గంటకు 17 జీబీ. మూడు కెమెరాలకూ పాత డిస్కు సరిపోతుంది. ప్రాక్సీకి అసలు ఫైల్ పేరు, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ పడే సమయం అంకె), ఆడియో ఛానళ్ల సంఖ్య తేడా రాకూడదు. రెండు ఛానళ్ల క్లిప్‌కు ఒక్క ఛానల్ ప్రాక్సీ చేస్తే ప్రీమియర్ దాన్ని అతికించనే అతికించదు. సాఫ్ట్‌వేర్ తాత్కాలిక ఫైళ్లు దాచుకునే కాష్ ఫోల్డర్‌ను మాత్రం ఎస్ఎస్‌డీలో పెట్టుకోవాలి.

మన భాష దగ్గర ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ అనుమానించాల్సిందే. దేనిలోనైనా ‘రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, క్రౌర్యం’ అని యూనికోడ్‌లో టైపు చేసి చూడండి. వత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడినా, పొల్లు విడిగా కనిపించినా ఆ టైట్లర్ తెలుగుకు పనికిరాదు. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి గ్రాఫిక్స్ విభాగంలో టెక్స్ట్ ఇంజిన్‌ను ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కు మార్చాలి. మార్చాక కొత్త టెక్స్ట్ లేయర్ వేసి పరీక్షించాలి. ఫైనల్ కట్ మ్యాక్ సొంత అక్షర వ్యవస్థనే వాడుకుంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. రిజాల్వ్‌లో మామూలు టెక్స్ట్, టెక్స్ట్ ప్లస్ రెండూ వేరువేరు సాధనాలు, రెండింటిలోనూ విడివిడిగా చూడాలి. ఎక్కడా కుదరకపోతే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో టైటిల్ చేసి, వెనక ఏమీ లేని పీఎన్‌జీగా తెచ్చుకుంటే సరిపోతుంది.

అక్షరం కుదిరినా ఇంకో రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చే టైప్‌రైటర్ యానిమేషన్ ఇంగ్లిష్ కోసం పుట్టింది. తెలుగులో ‘క్ష్మి’ని ముక్కలు ముక్కలుగా విరిచి, మధ్యలో పొల్లు చూపించి మరీ పూర్తిచేస్తుంది. పదం మొత్తం ఒకేసారి వచ్చేలా పెట్టాలి. రెండోది లైన్ల మధ్య ఎడం. ‘ష్ట్ర’ లాంటివి ఇంగ్లిష్ అక్షరాల కన్నా చాలా లోతుకు దిగుతాయి. ఎడం పెంచకపోతే కింది లైన్ గుడులను తన్నుతాయి, వెనక పట్టీ ఉంటే దాన్ని దాటిపోతాయి. అను ఫాంట్లతో చేసిన పాత ప్రాజెక్టుల సంగతి అందరికీ తెలిసిందే. అవి యూనికోడ్ కావు కనుక ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో వధూవరుల పేర్ల బదులు ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి వస్తుంది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి, వాటికి మారడమే మేలు. సబ్‌టైటిల్ ఎస్ఆర్‌టీ ఫైల్‌ను యూటీఎఫ్-8గానే సేవ్ చేయాలి, ఏఎన్ఎస్ఐగా చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది.

ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది, మొదటి క్లిప్ దించకముందే తేల్చుకోవాల్సిన విషయం. మన టీవీకి 25, థియేటర్‌కు 24. రిజాల్వ్‌లో మీడియా పూల్‌లోకి క్లిప్ చేరాక ప్రాజెక్టు రేటు మార్చనివ్వదు. 24కీ 23.976కీ తేడా ఎంతలే అనుకుంటారు, గంటకు 3.6 సెకన్లు, డైలాగ్ పెదవిని వదిలేయడానికి అందులో పదోవంతు చాలు. 24లో తీసిన రెండున్నర గంటల సినిమాను టీవీ కోసం 25 వేగంతో నడిపితే 144 నిమిషాలకే ముగుస్తుంది, స్వరం కూడా కాస్త సన్నబడుతుంది. ఫోన్ ఫుటేజీ రేటు నిలకడగా ఉండదు, వెలుతురును బట్టి మారుతుంటుంది. దాన్ని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాధనంలో ‘కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్’ పెట్టి మార్చాకే టైమ్‌లైన్‌లో వేయాలి. లేకపోతే మొదటి ఐదు నిమిషాలు బాగానే ఉండి, పురోహితుడి మంత్రం చివరికొచ్చేసరికి మాటా పెదవీ ఎడమవుతాయి.

ధర విషయం. ప్రీమియర్ చందా పద్ధతి. కట్టడం ఆపితే ప్రాజెక్టు ఫైల్ మన డిస్కులోనే ఉన్నా తెరవలేం. రిజాల్వ్ స్టూడియో 295 డాలర్లు ఒక్కసారి కడితే చాలు, ఒక లైసెన్సు రెండు కంప్యూటర్లలో నడుస్తుంది. రిజాల్వ్ తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ కెమెరా కొంటే పెట్టెలోనే వస్తుంది, కాబట్టి సెకండ్ హ్యాండ్ కెమెరా తీసుకునేటప్పుడు ఆ లైసెన్సు ఏమైందని అడగడం తెలివి. ఫైనల్ కట్ కూడా ఒక్కసారి కొనుక్కోవచ్చు, మ్యాక్ తప్పనిసరి. ఒకే కంపెనీని నమ్ముకుని కూర్చోవడం ఎలా ఉంటుందో పాత ఫైనల్ కట్ 7 వాడినవాళ్లకు తెలుసు. 2011 జూన్‌లో కొత్త ఫైనల్ కట్ టెన్ వచ్చినప్పుడు అది పాత ప్రాజెక్టులను తెరవలేదు, మొదట్లో మల్టీకామ్ (కెమెరాలన్నిటినీ ఒకేసారి చూస్తూ కట్ చేసే సదుపాయం) కూడా లేదు. 2017లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ హై సియెరాలో ఏడో వెర్షన్ నడవడమే మానేసింది. అందుకే పని అయిపోయిన రోజునే ప్రోరెస్ మాస్టర్, అక్షరాలు లేని మరో మాస్టర్, ఎడిట్‌ను వేరే సాఫ్ట్‌వేర్‌కు తీసుకెళ్లే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ మూడూ వేరే డిస్కులో దాచాలి. రిజాల్వ్‌లో ప్రాజెక్టు ఫైల్‌గా కాక డేటాబేస్‌లో ఉంటుంది; విండోస్ ఫార్మాట్ చేయించేముందు డీఆర్‌పీగా ఎగుమతి చేసుకోని వాళ్ల ఎడిట్ దానితో పాటే పోతుంది. పని మధ్యలో కొత్త వెర్షన్‌కు ఎక్కకూడదు, ఎక్కితే పాతదానిలో తెరుచుకోదు.

క్రాక్ కాపీల గురించి ఒక్క మాట. దొంగ కాపీ అని తెలిసీ వాడటం కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 63బి కింద నేరం. 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అందులో ఉన్నాయి. ఉచిత రిజాల్వ్, కెడెన్‌లైవ్ ఉన్న రోజుల్లో ఆ తలనొప్పి ఎందుకో నాకర్థం కాదు.

కోర్సుకైనా, కొనుగోలుకైనా వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మూడు క్లిప్పులు తీసుకెళ్లండి: ఫోన్‌లో తీసిన పది నిమిషాల మాట, మీ కెమెరా 10 బిట్ క్లిప్, అదే సందర్భాన్ని రెండో కెమెరా తీసింది. పైన చెప్పిన ఐదు తెలుగు మాటలు ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టుకోండి. మీ ఎదుటే మల్టీకామ్ చేయించి, టైటిల్ వేయించి, ఏఏఎఫ్ తీయించండి. ఎగుమతి చేసిన ఫైల్‌ను పక్క కంప్యూటర్‌లో ఆడించి చివరి నిమిషం పెదవులు చూడండి. అరగంట పని. ఆ అరగంట ఇవ్వనన్న చోట ఫీజు కట్టకండి.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్,
హైదరాబాద్